మారుబట్ట గుర్తు

పాలరాతి మేడలు ఏడు, వాటి మీద పసిడి కలశాలు, కోట చుట్టూ మొసళ్లు తిరిగే అగడ్త, అగడ్తకు ఇవతల బారులు తీరిన పట్టపుటేనుగులు. శంఖపురిని చూసిన ఏ బాటసారికైనా కళ్లు చెదరాల్సిందే. కానీ ఆ ఉదయం కురంగి కళ్లకు అవేవీ ఆనలేదు. కోటలోని వైద్యశాలలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, చేటలో పోసిన నల్లజీడి గింజల వంకే చూస్తోంది. పన్నెండేళ్లుగా కాచుకున్న రోజు ఇది. పొద్దు వాలేలోగా మహారాజు ప్రతాపకీర్తి ఒళ్లు కాలి చావాలి.

కోటలో ఆమెను కురంగి అని ఎవరూ ఎరగరు. నెత్తిన పన్నెండు మూరల తలపాగా, మూతికి మేకవెంట్రుకల మీసం, మెడలో రుద్రాక్షలు, పేరు కుందవైద్యుడు. మీసం మేకదే కాని పౌరుషం మాత్రం అచ్చంగా ఆమెదే. కీళ్లవాతంతో చేతివేళ్లు కొయ్యముక్కల్లా బిగుసుకుపోయిన మహారాజును బాగుచేస్తానని చెప్పి, ఇరవై రోజుల కిందట ఈ కోటలో అడుగుపెట్టింది. అంతకుముందు అదే మాట చెప్పి వచ్చిన తొమ్మిది మంది వైద్యులూ మాట నిలుపుకోలేక అగడ్తలో మొసళ్లకు ఆహారమయ్యారు.

నల్లజీడితో పనంటే నిప్పుతో చెలగాటమే. ముందు చేతులకు మోచేతుల దాకా నువ్వులనూనె పట్టించాలి. గింజ నెత్తినున్న ముచ్చికను కత్తితో తీసేయాలి. ఇటుకపొడిలో పోసి, గోనెపట్టలో మూటగట్టి, లోపలి నల్లచమురంతా పొడి పీల్చుకునేదాకా మర్దించాలి. వేడినీళ్లతో కడగాలి. కొబ్బరినీళ్లలో ఒకపూట ఉడికించాలి. ఇంత చేస్తే అది బిగిసిన కీళ్లను వదులుచేసే మందు. చేయకపోతే ఒంటిని బొబ్బలెక్కించే విషం. మందు తిన్నవాడికి పథ్యం కూడా అంత కఠినంగానే ఉంటుంది. పాలు, నెయ్యి, అన్నం తప్ప మరేదీ ముట్టకూడదు. ఉప్పు నాలుక్కి తగలకూడదు. నలభై రోజులు ఎండ పొడ సోకకూడదు. సోకితే జీడి పడే ఒళ్లైనా సరే పొక్కిపోతుంది.

తలుపు దబాలున తోసుకుని పోలవ్వ వచ్చింది. ఆమె కోట చాకలి. చంకలో ఒక మూట, నెత్తిన ఒక మూట, నోట్లో ఎప్పుడూ ఒక మాట.

“ఏం వైద్దిగారూ, ఇయ్యాల ఇటుకపొడి సంచి మూతే ఇప్పలేదు?” అని వసారాలో భటులకు వినబడేలా అరిచి, తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది. “ఏమే అమ్మీ, ఇయ్యాలేనా?”

“ఇవాళే అవ్వా. ఇరవై రోజులు శుద్ధిచేసిన లేహ్యం తినిపించి నమ్మించాను. ఇవాళ ఒంటికి మర్దన అన్నాను. పచ్చి చమురు గిన్నెలో పిండి ఉంచాను. రాజు ఒంటికి జీడిగాలి కూడా పడదని నువ్వే కదా చెప్పావు.”

“చెప్పినాను. ఊరందరి బట్టలకీ జీడిపుల్లతో గుర్తులేస్తాం. ఆ రాజుగారి బట్టలకి మాత్రం మా అత్త కాలం నించీ ఎర్రదారమే కుట్టేది. చిన్నతనాన ఒకసారి పొరపాటున జీడిగుర్తు పడిన పంచె కట్టుకుని, పూట తిరక్కుండా గుమ్మడికాయలాగ ఉబ్బిపోయినాడు. మీ నాయనే మూడురోజులు కూర్చుని కొబ్బరిపాలు పోసి బతికించినాడు.” పోలవ్వ బొడ్లో దోపుకున్న ఎర్రదారం ఉండను తడిమింది. “బతికించినోణ్ణే గద్దలగట్టు మీంచి తోయించినాడు. సచ్చినోడా!”

కురంగి పళ్లు బిగించింది. తండ్రి పద్మగర్భుడు ఈ కోటకు రాజవైద్యుడు. పన్నెండేళ్ల కిందట ఒక సాయంత్రం, విషం పెట్టబోయాడన్న నింద వేసి, విచారణ లేకుండా, ఆయనను గద్దలగట్టు మీద నుంచి తోసేశారు. ఆరేళ్ల కురంగిని పోలవ్వ మాసిన బట్టల మూటలో చుట్టి, గాడిద మీద వేసుకుని కోటగుమ్మం దాటించింది. భటులు మూటను బల్లెంతో పొడవబోతే, “అంటురోగపోళ్ల బట్టలయ్యా, తాకితే నాకు పాపం” అంది. బల్లెం వెనక్కి పోయింది. ఆ మూటలో చెమట కంపు మధ్య ఊపిరి బిగబట్టుకున్న పిల్ల అప్పుడే ఒట్టు పెట్టుకుంది. ఏ రాజుకు తన తండ్రి వైద్యం చేశాడో, ఆ రాజును అదే వైద్యంతో చంపాలి.

“ఇంకో మాట,” అని పోలవ్వ మూటలోంచి ఒక పాత ఉత్తరీయం బయటకు తీసింది. “ఇయ్యాలతో మనం కోట ఇడిసి పోతాం గదా. దీని సొంతదారుణ్ణి ఇక ఎప్పుడు దొరకబుచ్చుకునేది?”

“ఏమిటది?”

“మీ నాయన పోయిన రోజు గట్టు కింద దొరికింది. మీ నాయనదే అనుకున్నా. తీరా చూస్తే మారుబట్ట గుర్తుంది.” ఉత్తరీయం కొంగు మీద నల్లగా ఒక అడ్డగీత, దానికి పైనొకటి కిందొకటి రెండు చుక్కలు. “ఒక ఇంటి మూటలోకి ఇంకో ఇంటి బట్ట మారొస్తే ఈ గుర్తేసి పక్కన పెడతాం. సొంతదారుడికి అప్పజెప్పేదాకా చాకలికి నిద్ర పట్టకూడదు. పన్నెండేళ్లుగా గడప గడపకీ తిప్పినా. నాది కాదు, నాది కాదు అన్నోళ్లే అందరూ.”

“మరి ఆ గుర్తు వేసిందెవరు? నువ్వా?”

“నేనెయ్యలా. మీ నాయనే ఏసుంటాడు. రేవుకాడ కూర్చుని నా గుర్తులన్నీ నేర్చినాడు గదా మహానుభావుడు. దారిలో ఎవరిదో బట్ట మారిందని తెలిసి గుర్తేసి ఉంటాడు.”

“చంపడానికి లాక్కుపోతుంటే బట్టలు లెక్క చూసుకుంటారా ఎవరైనా? నీ పిచ్చి గాని! అవ్వా, నీ బట్టల గోల తరవాత. రాజు పడకగది కిటికీ కింద, ఆ జీడిచెట్టు పక్కన, మాసిన మూటలన్నీ విప్పి కుప్ప పోసి ఉంచు. పని కాగానే దూకుతాను.”

ఆ జీడిచెట్టు కథ కూడా వింతదే. పన్నెండేళ్ల కిందట తెల్లారేసరికి నిండు చెట్టై కోట తోటలో నిలబడింది. దాని మీద గొడ్డలి ఎత్తినవాడి తల ఎగిరిపోతుందని మహారాజు శాసనం. ఒంటికి పడని చెట్టును ఇంటి ముందు పెంచుకునే రాజు ఇంకెక్కడా ఉండడు. కురంగి మాత్రం లోలోపల నవ్వుకునేది. నీ పెరటి చెట్టే నీకు మిత్తి అవుతుందిరా అని, వెదురుగడతో దాని కొమ్మలు దులిపి మరీ గింజలు రాల్చుకునేది.

గంట మోగింది. మహారాజు పిలుపు.

పడకగదికి పట్టపగలే చీకటి. పథ్యం కోసం కిటికీలకు ఏడు పొరల పట్టుతెరలు దించారు. రత్నదీపాల వెలుగులో దంతపు మంచం, మంచానికి హంసల కోళ్లు, చందనపు దండెం మీద పెంపుడు నెమలి, దూరంగా మూలన సాంబ్రాణి ధూపం వేసే ఇత్తడి కుంపటి. తలుపు దగ్గర ఇద్దరు భటులు. మంచం మీద ప్రతాపకీర్తి, మెడ దాకా శాలువా కప్పుకుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“రావయ్యా కుందా. వేళ్లు చూడు.” కుడిచేతి నాలుగు వేళ్లూ మెల్లగా ముడుచుకున్నాయి. చిటికెన వేలు మాత్రం నిటారుగా ఉండిపోయింది. “ఇదొక్కటే మొరాయిస్తోంది. ఇదీ వంగితే నీకు నా కిరీటంలో మణి ఊడదీసి ఇస్తాను.”

“ఇవాళ్టి తైలంతో అదీ వంగుతుంది మహాప్రభూ.”

“ముందు నీ చేతికి రాసుకో.”

ఈ మాట వస్తుందని ఆమెకు తెలుసు. అరచేతుల నిండా నువ్వులనూనె ఉండనే ఉంది. పచ్చి చమురు నాలుగు చుక్కలు దాని మీద వేసి చూపించింది. రాజు తల ఊపాడు. ఇన్నాళ్లూ భుజం దిగనివ్వని శాలువాను ఆ రోజు మొదటిసారి జారవిడిచాడు.

కురంగి అతని మెడ వెనక చమురు పోసింది. మామూలు ఒంటి మీద పచ్చిజీడి పొక్కాలంటే సాయంత్రం కావాలి. ఈ రాజు ఒంటికి అరఘడియ చాలు. ఒక చేత్తో రుద్దుతూ, రెండో చేత్తో గిన్నె పట్టుకుని ఆమె లోలోపల వందదాకా లెక్కపెట్టింది. చర్మం ఎర్రబడలేదు. వెయ్యిదాకా లెక్కపెట్టింది. ఒక్క దద్దురు లేవలేదు.

“చల్లగా ఉందోయ్,” అన్నాడు రాజు, కళ్లు మూసుకుని.

అప్పుడు తట్టింది కురంగికి తన తెలివితక్కువ. జీడిగాలి పడని మనిషి ఇరవై రోజులు జీడిలేహ్యం తిని ఒక్కనాడూ గోక్కోలేదు! తన శుద్ధి అంత గొప్పది కాబోలని మురిసిపోయింది గాని, ఇదేమిటని ఒక్కసారీ అనుకోలేదు. గర్వం కళ్లకు కట్టిన గంతలు ఎంత గట్టివో చూడండి!

శాలువా ఇంకొంచెం జారింది. ఎడమ రెక్క ఎముక కింద, అతని చూపు అతనికే అందని చోట, ఒక నల్లని మచ్చ. అడ్డగీత ఒకటి. పైన ఒక చుక్క, కింద ఒక చుక్క.

మారుబట్ట.

“ఏమయ్యా, చెయ్యి ఆగింది?”

“ప్రభువుల వీపు మీద మచ్చ ఉంది.” అంది కురంగి.

“అదా? పూర్వం ఒక ముసలి వైద్యుడు ఉండేవాడు. నా కీళ్లు అప్పుడప్పుడే బిగుస్తున్నాయి. జీడిలేహ్యం చెయ్యమన్నాను. చిత్తం అంటూనే, పడుతుందో లేదో చూడాలని పుల్లతో వీపు మీద చుక్క పెట్టాడు. పూటంతా పక్కనే కూర్చుని చూశాడు. ఆ సాయంత్రమే వాణ్ణి గట్టు మీంచి తోయించాను.”

“ఏం నేరం చేశాడు?”

“నా మొహంలోకి చూసి, ‘అయ్యా, తమరెవరు?’ అని అడిగాడు.”

నాన్నకు తెలిసిపోయింది. ఇది రాజు ఒళ్లు కాదని తెలిసి, రాజ్యంలో తన మాట నమ్మేవాళ్లు లేరని తెలిసి, వాడి వీపు మీదా తన ఉత్తరీయం మీదా ఒకే గుర్తు వేసి పోయాడు. మారింది బట్ట కాదు, మనిషి! ఆ మాట చదవగలిగిన పోలవ్వేమో బట్ట పట్టుకుని పన్నెండేళ్లు గడప గడపా తిరిగింది. దుఃఖమూ కోపమూ ఒక్కసారే పొంగుకొచ్చి, ఆమె పెదవి అదిరింది. అదిరిన పెదవి మీద చెమటకు మేక మీసం ఊడి, రాజు భుజం మీదుగా అతని ఒళ్లో పడింది.

రాజు ఆ మీసాన్ని చూశాడు. ఆమెను చూశాడు. నవ్వాడు.

“వాడికొక కూతురుండేదని విన్నాను. బాగుంది! తండ్రి చెయ్యకుండా పోయిన వైద్యం కూతురు చేసింది.” కుడిచెయ్యి పైకెత్తాడు. పచ్చి చమురు వేడికో, ఇరవై రోజుల లేహ్యానికో, చిటికెన వేలు కటుక్కున వంగింది. అయిదు వేళ్లూ కలిపి ముద్ర పట్టి నెమలి వంక చూశాడు. నెమలి ఈకల రంగులన్నీ ఇంకిపోయాయి. దండెం మీద రాతినెమలి మిగిలింది. భటులిద్దరూ కెవ్వుమని గుమ్మం దాటి పరుగు తీశారు.

“నేను ప్రతాపకీర్తిని కాను. కపిలజటిని. మాంత్రికుణ్ణి. పరాయి రూపం మోసేవాడికి కీళ్లు బిగుస్తాయి, వేళ్లు వంగకపోతే ముద్రలు పడవు. పన్నెండేళ్లు చేతులుండీ మొండివాడిలా బతికాను. ఆ రాజు ఏమయ్యాడో తెలుసా? వాడి ఒంటికి ఏ చెట్టు పడదో ఆ చెట్టునే చేసి వాడి తోటలోనే నాటాను!” కిటికీ తెర లాగకుండానే నోరెత్తి కేకవేశాడు. “ఎవరక్కడ! శాసనం రద్దు! జీడిచెట్టు నరికి కట్టెలు తెండి! ఇక ముద్రలు పడతాయి, ఆ కట్టెలతో హోమం చేస్తే ఈ రూపం నాకు శాశ్వతం.”

కింద తోటలో, “చిత్తం!” అన్న కేక. ఆ వెంటనే గొడ్డలి రాతి మీద నూరిన చప్పుడు.

కపిలజటి ముద్ర పట్టిన చేతిని ఆమె వైపు తిప్పుతున్నాడు. పాలుపోసి పెంచిన పాము కాటుకు లేచిందంటే పాలు పోసిన చెయ్యే ముందు గుర్తుకు రావాలి. ఆ వేళ్లను వంచింది తానే! ఆ కసితో కురంగి మంచం చుట్టి ఒక్క గంతు వేసి, గిన్నెలోని పచ్చి చమురంతా మూలనున్న కుంపట్లో కుమ్మరించింది.

జీడిచమురు నిప్పుల్లో పడితే ఏమవుతుందో వైద్యులకు తెలుసు, చాకళ్లకు తెలుసు. మాంత్రికులకు తెలియదు. నల్లటి పొగ బుస్సున లేచి గది నిండా పరుచుకుంది. కళ్లలో కారం కొట్టినట్టయి కపిలజటి గావుకేక పెట్టాడు. ఎదుటిదాన్ని చూపుతో పట్టనిదే ముద్ర పారదు. కురంగి అప్పటికే నువ్వులనూనెతో తడిసిన తలపాగా కొంగు ముఖానికి చుట్టుకుని, ఊపిరి బిగబట్టి, తెరలు చించుకుని కిటికీలోంచి దూకేసింది.

మాసిన బట్టల కుప్ప మెత్తగా పట్టుకుంది. చిన్ననాటి ఆ చెమట కంపే.

అప్పటికే ఒక దెబ్బ పడింది. బండలాంటి భటుడొకడు చెట్టు మొదట్లో దిగబడిన గొడ్డలిని ఊడదీస్తున్నాడు. గంటులోంచి నల్లని జీడిరసం రాలేదు. ఎర్రగా, చిక్కగా, వెచ్చగా నెత్తురు కారింది. భటుడు నోరు తెరుచుకుని చూస్తూనే, అలవాటైన చేతులు కదా, రెండో దెబ్బకు గొడ్డలి ఎత్తాడు.

కురంగి చెట్టును వాటేసుకుంది. ఇరవై రోజులు తను వెదురుగడతో బాదిన చెట్టు. పన్నెండేళ్లు పేరు తలచి తిట్టిన మనిషి. సిగ్గుతో ఆమెకు తల కొట్టేసినట్టయింది.

“తప్పుకో వైద్యుడా! రాజాజ్ఞ!”

“రాజే ఇది! అవ్వా! ఆ బట్ట మారలేదే, అది నాన్నదే! రాజు మారాడు! పై గదిలో ఉన్నవాడి వీపు మీద మారుబట్ట గుర్తుంది. పచ్చి చమురు పోసినా వాడి ఒళ్లు పొక్కలేదు!”

మరుక్షణం పోలవ్వ బొడ్లోంచి ఎర్రదారం ఉండ లాగి, మునివేళ్లతో కొస పట్టుకుని, చెట్టు బోదె చుట్టూ గబగబా మూడు చుట్లు తిప్పి ముడి వేసింది. కోటలో పుట్టి పెరిగిన భటుడికి ఆ దారం అర్థం చెప్పనక్కర్లేదు. ఎర్రదారం ఉన్న బట్టను దాటి నడవడానికి కూడా వాళ్ల తాతలు భయపడేవారు.

“ఏస్తావా దెబ్బ?” అంది పోలవ్వ. “ఎయ్యి చూస్తా. రాజుగారి మీద గొడ్డలెత్తినోడి వంశం ఏమైద్దో నీకు తెలవదా?”

భటుడి చేతిలోంచి గొడ్డలి జారి కిందపడింది. పోలవ్వ కళ్లనీళ్లు తుడుచుకోకుండానే ఉత్తరీయం తీసి కురంగి చేతిలో పెట్టింది. “పన్నెండేళ్లు ఊరంతా తిప్పినానే తల్లీ. సొంతదారు నా ఇంట్లోనే ఉంది. తీసుకో.”

కురంగి తండ్రి ఉత్తరీయాన్ని నడుముకు బిగించి కట్టి, గొడ్డలి అందుకుంది.

అప్పుడే వసారాలోకి కపిలజటి వచ్చాడు. పొగకు కళ్లు చింతనిప్పులై, నీళ్లు ధారగా కారుతున్నాయి. గోడ తడుముకుంటూ నీడ అంచు దాకా వచ్చి ఆగాడు. కుడిచెయ్యి ముద్ర పట్టే ఉంది. కన్నీళ్లలోంచి ఆమె రూపం మసకగా తప్ప ఆనడం లేదు. పది అడుగులు ముందుకు వస్తే చూపు చిక్కుతుంది. ఆ పది అడుగులూ నడిమధ్యాహ్నపు ఎండ.

“గొడుగు! గొడుగు పట్టండిరా!” అని అరిచాడు. గొడుగులు పట్టేవాళ్లు అప్పటికే కోటగుమ్మం దాటారు.

నువ్వులనూనె కాలువలుగా కారుతున్న ముఖంతో కురంగి నవ్వింది. పన్నెండేళ్లలో అదే మొదటి నవ్వు.

“నలభై రోజుల పథ్యం, జ్ఞాపకముందా ప్రభూ? ఉప్పు తినలేదు, మంచిదే. ఇరవై రోజుల జీడి నీ నరనరానా ఉంది. మెడ మీద పచ్చి చమురు కూడా ఉంది. ఎండ ఒక్కటే తక్కువ. రా! పద్మగర్భుడి కూతురు ఇక్కడుంది. రాయిని చేద్దువుగాని, రా!”

మాంత్రికుడు నీడ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. కళ్ల మంట ఒకవైపు, కసి ఒకవైపు. చెట్టు గంటులోంచి నెత్తురు బొట్టు బొట్టుగా ఎర్రదారం మీద పడుతూ ఉంది. పోలవ్వ రెండు చేతులతో ఆ గంటును అదిమి పట్టుకుని, “తొందరగా కానీవే అమ్మీ, ఆడు కూలితే గాని రాజు మళ్లీ మనిషి కాడు, ప్రాణం జారిపోతా ఉంది!” అని అరిచింది.

“దొంగా! ఒంటికి పడనిది ఎవరికో ఇప్పుడు తెలుస్తుంది!” అని కురంగి గొడ్డలితో నేల మీద కొట్టింది.

కపిలజటి పళ్లు నూరి, ముద్ర పట్టిన చెయ్యి ముందుకు చాచి, ఎండలోకి మొదటి అడుగు వేశాడు. అడుగు పడ్డ చోటే, ఆ పాదం మీద చర్మం చిటచిట పొక్కసాగింది.